బలమా, బిలమా?

అహోబిలం అన్న పేరుకు పెద్దలు రెండు వ్యుత్పత్తులు చెబుతారు. హిరణ్యకశిపుని సంహరించిన నరసింహుని చూచి దేవతలు 'అహో బలం' అని విస్తుపోయినారు కనుక అహోబలమైనదని ఒకటి. గరుత్మంతుని తపస్సునకు మెచ్చి స్వామి కొండగుహలో వెలసినాడు కనుక, ఆ గుహను చూచినవారు 'అహో బిలం' అన్నారు కనుక, అహోబిలమైనదని రెండవది. నిరుక్తకారుల తీర్పు ముందు ఇవి రెండూ నిలువకపోవచ్చును. అయినా జనం రెంటినీ వదలలేదు. మా సీమలో ఇంటికొకరుగా కనబడే ఓబులేసులు, ఓబులరెడ్లు, ఓబులమ్మలు బలం పక్షంవారు. బస్సుల బోర్డులు బిలం పక్షంవి.

చాలా ఏళ్ళుగా తరగతిలో ఈ రెండు వ్యుత్పత్తులను చెప్పి, పిల్లలను కాస్త నవ్వించి ఊరుకొనేవాడిని. ఈ మధ్య మాత్రం అవి వ్యుత్పత్తులుగా గాక రెండు మతాలుగా తోస్తున్నవి. బిలమంటే దేవుని గుహ ఒక్కటే కాదు. ఎలుగుబంటి పడుకొనే గుహ బిలమే, ముళ్ళపంది తవ్వుకొన్న బొరియ బిలమే. దేవుడూ మృగమూ ఒకే మాటలో కాపురమున్న చోటు అది. సగం సింహమైన దేవునికి అంతకంటె తగిన నివాసం ఏముంటుంది? అట్టి స్థలానికి పోయి మనం బలాన్ని మ్రొక్కి వస్తున్నాము గాని, బిలాన్ని గౌరవించి వస్తున్నామా అన్నదే ఈ వ్యాసంలో నేను అడుగదలచిన ప్రశ్న.

నంద్యాలలో నిలిచి తూర్పుకు చూచినవారికి నల్లమల ఒక గోడవలె కనిపిస్తుంది. ఈ గోడకు ఇవతల కుందూనది పరీవాహకంలోని నల్లరేగడి, వరిమడులు, పత్తిచేలు. అవతల గిద్దలూరు సీమ. కర్నూలు నుంచి కడపకు పోయే పెద్దరోడ్డు మీద నంద్యాల దాటి నలభై కిలోమీటర్లు దక్షిణంగా పోతే ఆళ్ళగడ్డ. రోడ్డు పక్కనే ఉలిదెబ్బలు వినబడతాయి. దేశంలో ఏ మూల గుడి కట్టినా అందులో ఒక విగ్రహమైనా ఆళ్ళగడ్డ శిల్పి చేతిది కావచ్చునని మావాళ్ళు గర్వంగా చెప్పుకొంటారు. అక్కడినుంచి తూర్పుకు తిరిగితే దిగువ అహోబిలం, ఆపైన ఎనిమిది కిలోమీటర్ల ఘాటు ఎక్కితే ఎగువ అహోబిలం. ఆ దిగువ ఎగువల చుట్టూ అడవిలో, గుట్టలమీద, వాగుల ఒడ్డున తొమ్మిది నరసింహక్షేత్రాలు చెదరి ఉన్నవి: జ్వాల, అహోబిల, మాలోల, వరాహ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన. కొన్నింటికి రోడ్డున్నది. జ్వాలా నరసింహునికి భవనాశని వాగువెంట రాళ్ళమీద నడిచిపోవలెను. పావనానికి అడవిలో జీపుబాట. ఉగ్రస్తంభమనే కొండకొమ్ముకు మోకాళ్ళే వాహనం.

ఈ అడవి చట్టప్రకారం కూడా సామాన్యమైనది కాదు. నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడినది. 1983లో పులుల సంరక్షణ పథకం క్రిందికి వచ్చినది. దానికి దక్షిణంగా, అప్పటి కర్నూలు, ప్రకాశం జిల్లాలలో 1,194 చదరపు కిలోమీటర్ల అడవిని 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పేరును గమనించండి. ప్రభుత్వం అభయారణ్యానికి పేరు వెదకినపుడు దానికి దొరికినది ఏ దొరపేరో, ఏ నాయకుని పేరో కాదు. అడవి నడుమనున్న ఒక పాత శివాలయం పేరు. మృగాలకు అభయమిచ్చిన సర్కారు ఉత్తర్వుపై ఈశ్వరుని పేరుండడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

ఉత్తరాన శ్రీశైలం అడవులను, దక్షిణాన శేషాచలం అడవులను కలిపే వంతెన ఈ గుండ్ల బ్రహ్మేశ్వరం. పులి ఒకచోట కుదురుగా ఉండే జంతువు కాదు. పెరిగిన మగకూన తల్లి సీమ విడిచి తనకొక సీమను వెదకుకొంటూ పోవలెను. ఆ బాట తెగిపోతే ఉత్తరాది పులులు ఉత్తరాననే ముడుచుకొని, తమలో తామే పోరాడుకొని నశిస్తాయి. పులి వెంట చిరుత, ఎలుగు, రేచుకుక్క, కణితి, దుప్పి, కొండగొర్రె, మూషిక జింక. వీటికి నీడగా చిరుమాను, ఏపి, వేగి, నల్లమద్ది, వెదురు.

ఇంకొక ప్రాణిని గురించి చెప్పకుండా ముందుకు పోలేను. అది సాలెపురుగు. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, గుత్తిలో రైల్వే కట్టెల అడితిలో దొరికిన ఒక పెద్ద సాలెపురుగును వర్ణించి పేరుపెట్టాడు. నెమలికంఠం నీలం దాని ఒంటిరంగు. ఆ పిమ్మట నూరేళ్ళకు పైగా అది ఎవరి కంటా పడలేదు. 2001లో మళ్ళీ కనిపించినది ఎక్కడనుకొన్నారు? నంద్యాల గిద్దలూరుల మధ్యనున్న అడవిలో, ముసలిచెట్ల తొర్రలలో. గుత్తికి అది రైలుబండిలో దుంగలతో పాటు వెళ్ళిన పరదేశి అన్నమాట! ప్రపంచంలో మరెక్కడా లేని ఈ జీవి నేడు అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల పట్టికలో ఉన్నది. దేవుడు స్తంభంలో ఉన్నాడని నమ్మే మనకు, చెట్టుతొర్రలో ఏమున్నదో చూచే ఓపిక నూరేళ్ళపాటు లేకపోయింది. నంద్యాల పాఠశాలలలో ఎందరు విద్యార్థులకు తమ ఊరి పక్కనున్న ఈ నీలిజీవి సంగతి తెలుసునో ఉపాధ్యాయ మిత్రులు ఒకసారి అడిగి చూడవలెను.

ఇక సాహిత్యానికి వస్తాను. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని పూరించిన ఎఱ్ఱనయే అహోబల మాహాత్మ్యమైన నృసింహపురాణాన్ని వ్రాసినాడు. తెలుగున అడవిని పూర్తిచేసిన కవికే అడవిదేవుని కథ చెప్పే భాగ్యం కలగడం కాకతాళీయమే కావచ్చును. అయినా నాకు ఆ సంగతి తలచినపుడెల్లా ముచ్చటగా ఉంటుంది. ఆయనకు ఎన్నో శతాబ్దాలకు ముందే తిరుమంగై ఆళ్వారు తమిళంలో ఈ క్షేత్రాన్ని కీర్తించాడు. ఆయన పాడిన అహోబిలం సుఖంగా చేరగలిగిన పుణ్యక్షేత్రం కాదు. మృగాలు తిరిగే చోటు, వేడిగాడ్పులు వీచే చోటు, దేవతలకు తప్ప అన్యులకు పోశక్యం కాని చోటు. ఆ దుర్గమత్వాన్ని ఆయన లోపంగా చెప్పలేదు, మహిమగా చెప్పాడు. పాలకురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణమంతా శ్రీపర్వతానికి కేటాయించాడు. 1830లో మదరాసునుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కూడ అహోబిలం, మహానంది చూచుకొని శ్రీశైలం పోయినవారే. వీరందరికీ అడవి క్షేత్రానికి అడ్డం కాదు. క్షేత్రంలో సగం.

మన పూర్వులు తపస్సుకు అడవికి ఎందుకు పోయినారో నాకు పుస్తకాలలో కంటె ఒక చిన్న సంఘటనవల్ల బాగా తెలిసినది. కొన్నేళ్ళక్రిందట కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని జ్వాలా నరసింహుని దర్శనానికి పోయినాను. తోడుగా ఒక చెంచు యువకుడు వచ్చినాడు. మా పిల్లలు దారిపొడుగునా సెల్‌ఫోనులలో పాటలు పెట్టుకొని నడుస్తున్నారు. భవనాశని ఒడ్డున ఒకచోట ఆ యువకుడు చెయ్యెత్తి అందరినీ ఆపినాడు. "అయ్యా, పాట ఆపమనండి" అన్నాడు. ఎందుకని అడిగితే, బండపై ఇంకా ఆరని రెట్టను చూపించాడు. ఎలుగుదట, తెల్లవారుజామున నీటికి వచ్చి పోయినదట. అందులోని గింజలను పుల్లతో కదిలించి, ఏ చెట్టుపండు తిన్నదో కూడ చెప్పినాడు. ఆ మాటకు పిల్లలందరూ నోళ్ళు మూసుకొన్నారు. అటు తరువాత అరగంటసేపు మేము విన్న నీటిసవ్వడిని, పక్షికూతలను, మా ఊపిరిని నేను మరి ఏ ఆలయంలోనూ వినలేదు. పైన గుడిలో అర్చకస్వామి హారతి ఇచ్చేవేళకు పిల్లలు ఎవరూ చెప్పకుండానే చేతులు కట్టుకొని నిలుచున్నారు. ఏకాంతసేవ అన్న మాటకు ఆరోజు నాకు కొత్త అర్థం తోచినది. ఎలుగుకు భయపడి మౌనం వహించినవారికే దేవునిముందు మౌనం వచ్చినది.

తిరుగుదారిలో అదే బండల సందులలో నీళ్ళసీసాలు, తినుబండారాల పొట్లాలు, కర్పూరం డబ్బాలు ఏరి సంచిలో వేసికొన్నాము. సంచి నిండినది కాని బండల సందులు ఖాళీ కాలేదు.

ఇప్పుడు మాట్లాడవలసిన చిక్కు సంగతి ఒకటున్నది. అడవిలో దేవుడుంటే భక్తుడు వస్తాడు. భక్తుడు వస్తే నీడ కావలెను, నీళ్ళు కావలెను, అన్నం కావలెను. అన్నమంటే వంటశాల, వంటశాలంటే గోశాల, లారీలు, విద్యుత్తు. ఇందులో ఏ ఒక్కటీ దుర్మార్గం కాదు. ప్రతిదీ ఒక పుణ్యకార్యమే. 2025 మార్చిలో మాకు పొరుగున కడప జిల్లా అడవిలోని జ్యోతిక్షేత్రంలో జరిగినది అందరికీ తెలుసు. అవధూత కాశినాయన పేరిట నిత్యాన్నదానం జరిగే ఆ ఆశ్రమంలో కొన్ని కట్టడాలు రక్షితారణ్యంలో ఉన్నవని అటవీశాఖ కూల్చివేసినది. జనం నొచ్చుకొన్నారు. మంత్రి నారా లోకేశ్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, తిరిగి కట్టిస్తామన్నారు. ఆ అన్నం తినని బీదవాడు మా ప్రాంతంలో అరుదు. నాకు కూడ ఆ వార్త చదివినపుడు మనసు చివుక్కుమన్నది. కాని ఆ వివాదంలో ఇరువురి మాటలు విన్నాను గాని, మూడవవాని మాట వినలేదు. రాత్రివేళ ఆ దారిన పోవలసిన పులి పక్షాన వకాల్తా పుచ్చుకొన్నవారు ఎవరూ కనబడలేదు. అన్నదానం మహాదానమే. అయితే దానికి అడవి నడిబొడ్డే కావలెనా? అడవి అంచున గ్రామాలున్నవి, సత్రాలకు చోటున్నది. గుహలో దీపం, ఊరిలో పొయ్యి. ఈ పాటి ఏర్పాటు చేసికోలేని అజ్ఞానులం కాము మనం. కూల్చిన పిమ్మట క్షమాపణలు, కట్టిన పిమ్మట కూల్చివేతలు కాక, కట్టకముందే ఇరువర్గాలు కూర్చుని గీత గీసికొనడం మేలు.

గీత లేనిచోట ఏమవుతున్నదో చూస్తూనే ఉన్నాము. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో ఆరేళ్ళ పసిబిడ్డ చిరుత వాతబడినది. ఆ తరువాత కాలినడక భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. 2024లో మహానంది ఆలయ పరిసరాలలో చిరుత సంచరించి భక్తులను కలవరపెట్టినది. ఆ ఏడే నంద్యాల గిద్దలూరు దారిలోని పచ్చర్ల దగ్గర ఒక స్త్రీ చిరుతకు బలి అయినది. ఇట్టి దుఃఖాల ముందు అడవి అందాలను గురించి ఉపన్యసించడం నాకు చేతకాదు. ఆ తల్లిదండ్రులకు అడవి పవిత్రమని చెప్పే అధికారం ఎవరికీ లేదు. అయినా ఒక్క కారణం చెప్పవలెను. తినుబండారాల చెత్త ఉన్నచోటికి కుక్కలు, పందులు చేరుతాయి. కుక్కలున్నచోటికి చిరుత వస్తుంది. బిలంలోని మృగాన్ని బాటమీదికి పిలిచినది చాలావరకు మన ఎంగిలి.

మహానంది పేరు వచ్చినది కనుక మరొక సంగతి. వేసవిలో నంద్యాల బావులు ఎండినా మహానంది కోనేటిలో నీరు తగ్గదు. అడుగున వేసిన నాణెం కనబడేటంత తేటగా ఊరుతుంది. ఆ నీరే బయటికి పారి అరటితోటలను, వరిపొలాలను తడుపుతున్నది. అది దైవలీల అంటే కాదనను. అయితే ఆ లీలకు ఉపకరణం పైనున్న అడవి. వానచినుకు ఆకుమీద పడి, తుక్కులో ఇంకి, రాతిపగుళ్ళలో దిగి, ఎన్నాళ్ళకో ఊటై వస్తున్నది. కొండ బోడి అయితే అదే వాన ఒక్కరాత్రిలో బురదవరదై కుందూలో కలుస్తుంది.

అడవిలో మొదటినుంచి ఉన్నవారు చెంచులు. 1943లో హైమెన్‌డార్ఫ్ వారిని గురించి ఒక గ్రంథమే వ్రాసినాడు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడినాడన్న కథ తెలియని తెలుగువారుండరు. ఆ లెక్కన స్వామి చెంచుల ఇంటి అల్లుడు. మామగారి ఇంట తేనె తీయడానికి, గడ్డలు తవ్వుకొనడానికి నియమాలు ఎన్నో; అల్లుని చూడవచ్చిన చుట్టాలకు మాత్రం జీపులు, మైకులు! అడవిని కాపాడమని చెంచులకు నీతిచెప్పే ముందు ఈ అన్యాయాన్ని మనం కాస్త తలచుకోవలెను. పులుల జాడలు తీసే పనిలో చెంచు యువకులను కాపరులుగా పెట్టినారు. అది మంచి పని. యాత్రికులకు దారిచూపే పనికూడ పూర్తిగా వారికే అప్పగించి, వారు 'ఇక చాలు, రేపు రండి' అంటే మనం వెనుదిరిగే పద్ధతి రావలెను. కేరళలో శబరిమల కూడ పెరియార్ పులుల అడవిలోనే ఉన్నది. లక్షలాది భక్తులు పోయే ఆ అడవిబాటలో గిరిజనులు, పరిసర గ్రామస్థులు సంఘాలుగా ఏర్పడి అంగళ్ళను తామే నడుపుకొంటున్నారు. అక్కడ సమస్యలు తీరిపోయినవని కాదు. బాటకు కాపలా ఎవరిదో తేలినది.

ఇథియోపియా దేశపు ఉత్తరభాగంలో పాత అడవులన్నీ వ్యవసాయానికి పోగా, నేడు మిగిలినవి చర్చీల చుట్టూ ఉన్న వనాలు. ప్రార్థనామందిరానికి పచ్చని వస్త్రం ఉండవలెనని అక్కడివారి విశ్వాసమట. ఆకాశంనుంచి చూస్తే బూడిదరంగు నేలమీద ఆకుపచ్చని చుక్కలుగా కనిపిస్తాయి, ఒక్కొక్క చుక్క నడుమ ఒక గుడి. మనకు చుక్కలు కాదు, సముద్రమే మిగిలి ఉన్నది. అది చుక్కలుగా చెదరిన పిమ్మట పవిత్రవనాలని బోర్డులు పెట్టనక్కరలేదు.

నేను కోరేది గొప్ప సంస్కరణ ఏమీ కాదు. వర్షాకాలంలో పులులు జతకూడే వేళ అని మూడునెలలు ఇష్టకామేశ్వరి యాత్రను నిలిపివేయడం ఇటీవల అలవాటైనది; భక్తులు అలవాటుపడినారు. ఆ విధంగానే నవనారసింహులలో అడవిలోతున ఉన్నవారి దర్శనానికి రోజులు, సంఖ్య నిర్ణయించవలెను. పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012లో వెలువరించిన మార్గదర్శకాలు కూడ అడవిలోని యాత్రాస్థలాలలో బసలను నిర్ణీతదినాలకే పరిమితం చేయమన్నవి. నిజంగా ఏకాంతం కోరి వచ్చేవారికి దిగువ అహోబిలంలో, అడవి వెలుపల, శబ్దంలేని చిన్న సత్రం ఒకటి చాలు. ఉదయం నడిచి పోయి, సాయంకాలం నడిచి రావచ్చును. రాత్రి అడవి అడవివారిది.

ఇంతవరకు విన్న మిత్రుడొకరు నన్ను నిలదీసినారు. "నీకు కాళ్ళున్నవి కనుక ఇన్ని మాటలు చెబుతున్నావు. ముసలివాళ్ళు, కుంటివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు జ్వాలా నరసింహుని చూడవద్దా? రోప్‌వే వేస్తే నీకేం నష్టం?" అన్నారు. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. మా అమ్మ మోకాళ్ళనొప్పులతో చివరి పదేళ్ళు ఎగువకు పోలేదు. ఆమె తరఫున నేనూ ఈ ప్రశ్న అడుగవలసినవాడనే. కొన్ని నాళ్ళు నాకు జవాబు తోచలేదు. తోచిన జవాబు నాది కూడ కాదు, పూర్వులది.

ఎగువకు ఎక్కలేనివారి కోసమే దిగువన ప్రహ్లాదవరదుని అంత పెద్ద ఆలయం విజయనగరకాలపు శిల్పశోభతో నిలిచి ఉన్నది. దిగువకు కూడ రాలేనివారికి? కనుమనాడు స్వామియే పల్లకి ఎక్కుతాడు. జ్వాలా నరసింహుని, ప్రహ్లాదవరదుని ఉత్సవమూర్తులు రెండూ ఒకే పల్లకిలో పారువేటకు బయలుదేరి, దాదాపు నలభై రోజులు ఆళ్ళగడ్డ చుట్టుపట్ల ముప్పైకి పైగా గ్రామాలు తిరుగుతాయి. తన కల్యాణానికి రమ్మని స్వామి ఊరూరా తానే పిలుపులకు వస్తాడని జనం నమ్మకం. మొదట చెంచులు పల్లకివైపు బాణాలు వేసి అల్లుని ఆటపట్టించి మరీ సాగనంపుతారు. పల్లకి వచ్చిననాడు ఊరంతా చుట్టాలతో నిండుతుంది.

మా అమ్మ చివరిసారి స్వామిని చూచినది ఆ పల్లకిలోనే. వీధి అరుగుమీద కుర్చీ వేసి కూర్చోబెట్టినాము. బోయీలు పల్లకిని అరుగు దగ్గర ఒక్క నిమిషం దించినారు. ఆమె స్వామిని చూచి, చేతులు జోడించి, "కొండదిగి ఇంత దూరం వచ్చినావా నాయనా" అని అడిగినది.